దుంగలపై పుట్టగొడుగుల సేద్యము: గంజి మొదలు కొయ్యచీల వరకు

తెలుగువారి నోట “పుట్టగొడుగులవలె” అను మాట తరచుగా ఎత్తిపొడుపునకే వినవచ్చును. సందు సందునకు వెలసిన దుకాణములను, పూటకొకటిగా పుట్టు సంఘములను పుట్టగొడుగులతో పోల్చుట మనకు పరిపాటి. విత్తువాడు లేక, నీరు పోయువాడు లేక, రాత్రికి రాత్రి మొలచి, ఎండ తగులగనే వాడిపోవునది గనుక దానికి ఆ అపకీర్తి వచ్చినది. కాని ఆసియా ఖండమున కొన్ని కొండసీమల ప్రజలకు ఈ గొడుగు రాత్రికి రాత్రి మొలచినది కాదు. దానికొరకు వారు చెట్టు నరికి, దుంగలు పేర్చి, రెండు మూడేండ్లు కాచుకొని యుండెడివారు. అది మొలచినచో ఇల్లు నిలిచెడిది. మొలవనిచో అప్పు మిగిలెడిది. నేడు పెరటిలో చెట్టునీడను నాలుగు దుంగలు పేర్చి, వేడుకకును కూరకును పుట్టగొడుగులు పెంచుకొను గృహస్థులు పెక్కు దేశములలో కలరు. వారి వేడుక వెనుక పదమూడు శతాబ్దముల నిరీక్షణము కలదు. ఆ నిరీక్షణము నుండి మనుష్యుడు ఎట్లు బయటపడెనో చెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట మన మాటను గూర్చి ఒక మాట. పుట్టగొడుగు అను పేరులోనే ఒక ప్రకృతి సత్యమున్నది. తొలకరి వానలకు పుట్టలపై మొలచు జాతి నిజముగా చెదపురుగులు పండించిన పంటయే. చెదలు పుట్ట లోపల కఱ్ఱను, ఎండుటాకులను నమలి తెట్టెలుగా కట్టి, ఆ తెట్టెలపై ఒక విధమైన తెల్లని బూజును పెంచి, దానిని ఆహారముగా గొనును. వానలు కురిసినపుడు ఆ బూజే గొడుగై వెలికి వచ్చును. పేరు పెట్టిన మన పూర్వులకు ఈ రహస్యము తెలిసినను తెలియకున్నను, గొడుగునకును పుట్టకును గల సంబంధమును మాత్రము వారు సరిగనే గుర్తించిరి. మనుధర్మశాస్త్రము ఐదవ అధ్యాయమున ఉల్లి, వెల్లుల్లి మొదలగువానితోపాటు కవకములను, అనగా పుట్టగొడుగులను, ద్విజులకు నిషేధించినది. కావున కొన్ని ఇండ్లలో ఇది వంటయింటి గడప దాటలేదు. మరి కొన్ని ఇండ్లలో తొలకరి నాటి మేలివంట యైనది.

పుట్టగొడుగు ఒక మొక్క కాదు. మొక్క యొక్క ఫలము వంటిది మాత్రమే. అసలు జీవి నేలలోనో కఱ్ఱలోనో దాగియుండు సన్నని తెల్లని దారముల అల్లిక. దానినే మనము బూజు అందుము. దానికి ఆకు లేదు, పచ్చదనము లేదు. తన అన్నమును తాను వండుకొనలేదు. కొన్ని జాతులు బ్రదికియున్న చెట్ల వేళ్ళతో పొత్తు కుదుర్చుకొని జీవించును. మరి కొన్ని చచ్చిన కఱ్ఱను జీర్ణించుకొని బ్రదుకును. ఈ రెండవ తెగ వారిలోనే మనుష్యునికి చిక్కినవి, దుంగపై పెరుగునవి, ఉన్నవి. గొడుగు క్రింది రేకుల నుండి కంటికి కానరాని బీజరేణువులు కోట్లకొలది రాలి గాలిలో తేలిపోవును. వానిలో ఏ ఒక్కటియో తగిన కఱ్ఱపై, తగిన తడిలో పడినచో క్రొత్త బూజు పుట్టును. పూర్వపు సేద్యమంతయు ఈ “ఏ ఒక్కటియో” అను సందేహముపై ఆధారపడి యుండెను.

దుంగపై పుట్టగొడుగులను పెంచుటకు మనకు దొరకు ప్రాచీన సాక్ష్యములలో ముఖ్యమైనది చీనా దేశమునకు చెందినది. క్రీ. శ. 659లో తాంగు చక్రవర్తుల ఆజ్ఞచే సుజింగ్ మొదలగు పండితులు ఒక ఔషధ గ్రంథమును సంతరించిరి. అందు మల్బరీ మొదలైన ఐదు చెట్ల కఱ్ఱపై చెవి ఆకారమున మొలచు పుట్టగొడుగును గూర్చి వ్రాయుచు, గంజి కాచి కఱ్ఱపై పోసి, గడ్డి కప్పినచో అవి మొలచునని తెలిపిరి. చీనావారు దానికి పెట్టిన పేరునకు “చెట్టు చెవి” యని అర్థము. నేటికిని వారి వంటలలో దానికి పెద్దపీట కలదు. ఈ పద్ధతిలో విత్తనము లేదు, కొలత లేదు; గంజి, గడ్డి, ఓపిక మాత్రమే ఉన్నవి. అయినను అడవిలో దొరికినది ఏరుకొనుట మాని, ఇంటి ముంగిట మొలిపించుకొనవలెనను సంకల్పము అచ్చట మొదటిసారి కన్పట్టుచున్నది.

తరువాత కథ జెజియాంగు రాష్ట్రపు దక్షిణ పర్వతములకు మారినది. అచ్చటి లాంగ్‌చువాన్, చింగ్‌యువాన్, జింగ్‌నింగ్ అను మూడు మండలములు నిటారు కొండలు. వరిపొలము తక్కువ, అడవి ఎక్కువ. జపాను భాషలో “షిటాకె” అను పేర నేడు లోకప్రసిద్ధి గాంచిన పుట్టగొడుగు ఆ అడవులలో పుట్టినది. దాని సేద్యమునకు మూలపురుషుడుగా అచ్చటివారు 1130లో జన్మించినట్లు చెప్పబడు వూ సాంగుంగ్ అను ఒక సామాన్యుని పూజింతురు. అతడు నరికిన చెట్టుపై గొడ్డలి గాట్లు పడిన చోట పుట్టగొడుగులు మొలచుట చూచి, తానే గాట్లు పెట్టి చూచెననియు, ఒక దుంగపై ఎంత కాలమునకును ఏమియు మొలవకుండగా కోపించి దానిని బాదెననియు, కొలది దినములలో ఆ దుంగ నిండ మొలచెననియు ఐతిహ్యము. చింగ్‌యువాన్‌లో అతని ఆలయము నేటికిని ఉన్నది.

ఐతిహ్యము ఎట్లున్నను వ్రాతపూర్వకమైన సాక్ష్యము బలమైనది. 1209లో కూర్చబడిన లాంగ్‌చువాన్ మండల వృత్తాంతమున ఈ సేద్యము నూట ఎనుబదియైదు అక్షరములలో వర్ణింపబడినది. 1313లో వాంగ్ జెన్ అను అధికారి తన వ్యవసాయ గ్రంథమున దీనిని ఇంకను స్పష్టముగా వివరించెను. నీడ గల చోట తగిన చెట్టును నరికి పడవేయవలెను. గొడ్డలితో దాని ఒడలెల్ల గాట్లు పెట్టి మట్టి కప్పవలెను. ఏడాదికి కఱ్ఱ మెత్తబడిన పిదప పుట్టగొడుగులను చిన్న తునకలుగా తరిగి గాట్లలో సమముగా చల్లి, ఆకులతోను మట్టితోను కప్పవలెను. అప్పుడప్పుడు బియ్యపు కడుగునీళ్ళు పోయుచుండవలెను. కొంత కాలమునకు కొయ్యసుత్తితో దుంగను కొట్టవలెను. దీనికి “పుట్టగొడుగును ఉలికిపడజేయుట” యని పేరు. పిదప వాన పడి ఉక్క పుట్టినపుడు పుట్టగొడుగులు మొలచును. కోసిన తరువాతను బీజము లోపలనే మిగిలియుండును గనుక మరుసటి యేడు మరల మొలచును. ఏడు వందల యేండ్లనాటి ఈ కొలది వాక్యములలో నేటి పద్ధతికి కావలసిన అంగములన్నియు సూక్ష్మరూపమున ఉన్నవి. తునకలు చల్లుటయే నేటి విత్తనమునకు పూర్వరూపము.

దుంగను కొట్టుట మూఢనమ్మకమని కొందరికి తోచవచ్చును. కాని ఉరుమునకును పుట్టగొడుగునకును సంబంధము గలదను నమ్మకము మన దేశమునను ప్రాచీనమైనదే. మేఘసందేశ కావ్యమున కాళిదాసు మేఘగర్జనమునకు భూమిని శిలీంధ్రములతో నింపు శక్తి కలదని వర్ణించెను. శిలీంధ్ర శబ్దమునకు కందళి యను మొక్క అని అర్థము చెప్పిన వ్యాఖ్యాతలు లేకపోలేదు. పుట్టగొడుగు అను అర్థమును ప్రసిద్ధమే. జపానులో సైతము పిడుగు పడిన చోట పుట్టగొడుగులు విరివిగా మొలచునని పల్లెవాసుల నమ్మకము. 2010 ప్రాంతమున ఆ దేశపు ఇవాటె విశ్వవిద్యాలయ పరిశోధకులు దుంగలకు క్షణకాలము అధిక వోల్టేజి విద్యుత్తును తగిలించి, దిగుబడి పెరుగుట గమనించిరి. పెద్దలు చెప్పిన మాటను త్రోసిపుచ్చుటకు ముందు ఒకసారి పరీక్షించుట మంచిదని దీనివలన తెలియుచున్నది.

జెజియాంగు కొండలవారి జీవితము మనవంటి ఉద్యోగులకు సానుభూతి కల్గించునట్టిది. స్వగ్రామమున అడవి చాలక, వారు పంట నూర్పిళ్ళయిన పిమ్మట ఇల్లు విడిచి, దూరపు రాష్ట్రముల అడవులకు పోయి, కొండలలో పాకలు వేసికొని శీతకాలమంతయు గడపి, వసంతమున ఇంటికి మరలెడివారు. నెలల తరబడి పరభాషల నడుమ మసలవలసిన ఆ మనుష్యులు తమలో తాము మాట్లాడుకొనుటకు ఒక రహస్యభాషను కల్పించుకొనిరి. ఏ చెట్టు తగినది, గాటు ఎంత లోతు పడవలెను, దుంగను ఎప్పుడు కొట్టవలెను అను సంగతులు తండ్రి నుండి కొడుకునకు సంక్రమించెడివే గాని పరులకు పొక్కెడివి కావు. వారిని తప్పుపట్టుటకు వీలు లేదు. పొలము లేని వానికి విద్యయే పొలము. దానికి అతడు కంచె వేసికొనెను. అయినను కంచె లోపలి విద్య పెరుగుట మెల్లన. శతాబ్దములు గడచినను గాటులో ఏది పడునో, ఏది మొలచునో నిశ్చయముగా చెప్పగలవాడు లేకపోయెను.

జపానులో ఈ సేద్యము బుంగో సీమలో, అనగా నేటి ఓయిత రాష్ట్రమున, పాదుకొన్నది. 17వ శతాబ్దమున గెన్‌బె అను బొగ్గులు కాల్చువాడు, తాను వదలివేసిన కొయ్యలపై షిటాకె మొలచుట చూచి ఈ విద్యకు నాంది పలికెనని అచ్చటివారు చెప్పుదురు. ఓకు జాతి చెట్లను నరికి, దుంగలపై కత్తిగాట్లు పెట్టి, గాలి మోసికొనివచ్చు బీజరేణువుల కొరకు ఎదురుచూచుట వారి పద్ధతి. 1796లో సాటో అను పండితుడు ఈ సేద్యమును గూర్చి పుస్తకమున వ్రాసెను. ఎండబెట్టిన షిటాకె చీనాకు ఎగుమతి యగు విలువైన సరకు గనుక ఆశ పెద్దది. కాని గాలి ఎవరి మాటయు వినదు. ఒక కొండవాలున దుంగలన్నియు పండెడివి. ప్రక్క వాలున ఒక్కటియు పండకపోయెడిది. చెట్ల కొనుగోలుకును కూలికిని అప్పు చేసిన కుటుంబము రెండు మూడేండ్లు ఎదురుచూచి, తుదకు వట్టి దుంగలను చూచుకొనవలసి వచ్చెడిది. అట్లు చితికి ఊరు విడిచిన వారును కలరు.

20వ శతాబ్దారంభమున శాస్త్రజ్ఞులు ఈ కష్టమును చేపట్టిరి. మిమురా షోజబురో, కిటాజిమా కిమిజో మొదలగువారు బీజరేణువులను, బూజును వేరుపరచి పెంచు మార్గములను శోధించిరి. వారి కృషిని పల్లెవాని చేతికి అందించిన వాడు మోరి కిసాకు. 1908లో గున్మ రాష్ట్రపు కిర్యూలో జన్మించిన ఈయన క్యోటో విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము చదువుచున్న దినములలో ఓయిత కొండపల్లెలకు పోయెను. అచ్చట ఒక వృద్ధ కృషీవలుడు తన దుంగల యెదుట మోకరిల్లి, చేతులు జోడించి, మొలవుమని పుట్టగొడుగులను వేడుకొనుచుండగా చూచెను. ఆ దృశ్యము ఆ యువకుని జీవిత మార్గమును నిర్ణయించినది. చదువు ముగిసిన పిదప ఆయన స్వస్థలమునకు వచ్చి ప్రయోగములలో మునిగి, 1942లో తాను కోరిన సాధనమును కనుగొనెను.

ఆ సాధనము చూచుటకు అత్యల్పము: ఒక చిన్న కొయ్యచీల. శుభ్రపరచిన చిన్న కొయ్యముక్కలలో ఇతర బూజులు చేరకుండ షిటాకె బూజును మాత్రమే పెంచి, ఆ ముక్కలను దుంగకు తొలిచిన రంధ్రములలో సుత్తితో దిగగొట్టుట ఆయన పద్ధతి. దీనివలన మూడు లాభములు కలిగినవి. గాలికొరకు ఎదురుచూడ నక్కరలేదు. విత్తనము రైతు చేతిలోనే ఉన్నది. అది బీజరేణువు కాదు, అప్పటికే కఱ్ఱను తినుటకు అలవడిన జీవించు బూజు. కావున దుంగలోనికి త్వరగా ప్రాకి, పోటీ బూజులకు చోటీయదు. మంచి దిగుబడి నిచ్చు రకమును ఏరుకొని దానినే మరల మరల నాటవచ్చును. మోరి 1977లో పరమపదించెను. యంత్రము కాదు, ఎరువు కాదు, చిటికెనవ్రేలిలో సగము లేని కొయ్యముక్క లక్షలాది కొండకుటుంబములకు ధైర్యమిచ్చినది. మోకరిల్లిన వృద్ధుని భక్తిలో లోపము లేదు. అతనికి కొరవడినది విత్తనము. శాస్త్రము అతని దైవమును తొలగింపలేదు, అతని భయమును తొలగించినది.

ఈ సేద్యమునకు చెట్లు నరుకవలెను గదా, అడవి ఏమగునని చదువరులు అడుగవచ్చును. ఓయితలోని కునిసాకి ద్వీపకల్పవాసులు దానికి సమాధానము చెప్పియున్నారు. వారు కునుగి అను ఓకు జాతి చెట్టును వాడుదురు. నరికిన మోడు చిగిర్చి పదిహేనేండ్లకు మరల నరుకుటకు సిద్ధమగును. వంతులవారీగా నరుకుట వలన అడవి ఎప్పుడును తరిగిపోదు; వాడిన దుంగలు చివికి నేలకు సారమగును; ఆ నేల వాననీటిని పట్టియుంచి, క్రింది చెరువులకు, వరిపొలములకు అందించును. అడవి, చెరువు, పొలము ఒకదాని నొకటి పోషించు ఈ ఏర్పాటును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. 2022లో చీనాలోని చింగ్‌యువాన్ సీమకును ఆ గౌరవము లభించినది. అయితే నేడు పెద్ద వ్యాపారమంతయు దుంగలను విడిచి, రంపపుపొట్టు నింపిన సంచులకు మారినది. 1980ల తరువాత చీనా ఆ మార్గమున అగ్రస్థాన మందుకొన్నది. జపానులో మాత్రము ఎండు షిటాకెకు దుంగపంటయే నేటికిని ప్రధానము.

పాశ్చాత్యులకు ఈ విద్య ఆలస్యముగా అబ్బినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున జర్మనీలో ఆహారము కరవైనపుడు, 1917లో రిచర్డు ఫాల్కు అను శాస్త్రజ్ఞుడు ముత్యపుచిప్ప ఆకారము గల పుట్టగొడుగును చెట్టు మోళ్ళపైనను దుంగలపైనను పెంచి చూపెను. అమెరికాలో 1972 వరకు సజీవమైన షిటాకె బూజును దిగుమతి చేసికొనుటకు అనుమతి లేదు. రైలుపట్టాల క్రింది కొయ్యలను తినివేయు వేరొక జాతితో దీనిని పొరబడి, కొయ్యలకు హాని యగునని అధికారులు శంకించుటయే దానికి కారణమందురు. ఆ నిషేధము తొలగిన పిదపనే అచ్చటి గృహస్థుల పెరళ్ళకు దుంగలు చేరినవి.

మన దేశమున కథ దుంగతో గాక వరిగడ్డితో మొదలైనది. 1943లో కోయంబత్తూరు వ్యవసాయ కళాశాల శాస్త్రజ్ఞులు నాటి మదరాసు రాష్ట్రమునకు అనువుగా వరిగడ్డి పుట్టగొడుగు సేద్యమును వివరించిరి. 1962లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో జకియా బానో, శ్రీవాస్తవ అనువారు ముత్యపుచిప్ప జాతిని వరిగడ్డిపై పెంచిరి. 1961 నుండి హిమాచలములోని సోలన్ పట్టణమున ఈ పరిశోధన సాగినది; 1983లో అచ్చట జాతీయ కేంద్రము నెలకొన్నది. ఉష్ణసీమయైన మనకు వరిగడ్డియే సహజమైన దుంగ. షిటాకెకు చల్లదనము, ఓకు జాతి చెట్లు కావలెను. కునుగి చెట్టు మన ఈశాన్య పర్వతములలోను పెరుగును. అచ్చటి ప్రజలకు కఱ్ఱపై మొలచు పుట్టగొడుగులు క్రొత్త కాదు. మణిపురమున “కాంగ్లాయెన్” అను పేర వానిని ప్రీతితో భుజింతురు.

కొండ పట్టణములలో ఉద్యోగము చేయు మనవారు ఇంటి వెనుక దీనిని ప్రయత్నింపదలచినచో పద్ధతి సులభము. వ్యాధి లేని చెట్టు కొమ్మను, ఆకు రాలిన పిదప చిగురు తొడుగకముందు కోయవలెను. మూడు నాలుగు అడుగుల పొడవు, నాలుగైదు అంగుళముల లావు చాలును. బెరడు ఊడరాదు, అది దుంగకు చర్మము వంటిది. కోసిన కొన్ని వారములలోపల బర్మాతో అంగుళము లోతున, జానెడు లోపు ఎడముతో రంధ్రములు తొలిచి, నమ్మదగిన సంస్థ నుండి తెచ్చిన విత్తన చీలలను దిగగొట్టి, కరగిన మైనముతో మూయవలెను. నేల తగులకుండ ఇటుకలపై, నీడలో పేర్చి, దుంగ ఎండిపోకుండ వారమున కొకసారి తడుపవలెను. ఆరు నెలలు మొదలు రెండేండ్లలోపల మొలకలు కన్పట్టును. పిదప మూడు నాలుగేండ్ల వరకు పంట వచ్చును. బూజు దుంగంతయు వ్యాపించిన తరువాత ఒక దినము చల్లని నీటిలో నానవేసి, ఒక దెబ్బ కొట్టి నిలబెట్టినచో మొలచుట త్వరితమగును. వాంగ్ జెన్ ఉలికిపాటు ఇంకను పనిచేయుచునే ఉన్నది.

ఇచ్చట రెండు హెచ్చరికలు అవసరము. దుంగపై మొలచిన ప్రతిదియు మనము నాటినదే యని నమ్మరాదు. పరాయి బీజములు గాలిలో నేటికిని తిరుగుచునే ఉన్నవి. వానిలో విషజాతులు ఉండవచ్చును. గుర్తు తెలియని దానిని పారవేయుటయే వివేకము. షిటాకెను పచ్చిగా తినరాదు. కొందరికి ఒంటిపై దద్దురులు లేచును. బాగుగా వండవలెను. కోసిన వానిని ఎండలో ఆరబెట్టినచో నిలువ యుండుటయే గాక, వానిలో డి విటమిను వృద్ధియగును.

గంజి పోసి గడ్డి కప్పిన నాటి నుండి చీల కొట్టు నేటి వరకు దుంగ మారలేదు, వాన మారలేదు, కాచుకొను కాలము సైతము పెద్దగా తగ్గలేదు. మారినది ఒక్కటే: కాచుకొనువాడు దేనికొరకు కాచుకొనుచున్నాడో నేడు అతనికి తెలియును. ఒక వంశపు రహస్యముగా నున్న విద్య అందరి సొత్తయినది. ఒక కొండవాని మ్రొక్కు నేడు ఎవ్వరైనను కొనుక్కొనదగిన గుప్పెడు కొయ్యచీలలుగా మారినది. ఇకమీదట దేనినైనను “పుట్టగొడుగువలె పుట్టినది” యని ఎగతాళి చేయునపుడు, ఆ గొడుగు వెనుక దుంగ యెదుట మోకరిల్లిన వృద్ధుని ఒక్కసారి తలచుకొందము గాక.